అప్‌డేట్: అంజూర పెర్ఫ్యూమ్‌లో కొబ్బరి వాసన ఎందుకో తెలిసింది

గత నెల ఇక్కడే అడిగాను: అంజూర పెర్ఫ్యూమ్ కొంటే అంజీర్ పండు వాసనే లేదు, పచ్చి కొబ్బరి, కోసిన గడ్డి వాసన వస్తోంది, అదీ అరగంటకే పోతోంది, నకిలీదేమో అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. టెన్షన్ తీరింది, సీసా అసలుదే.

"ఒకసారి ఆకు నలిపి చూడండి" అన్న మాటతోనే విషయం తేలింది. నర్సరీ నుంచి అంజూర మొక్క తెచ్చాను. ఆకు తుంచగానే తొడిమ దగ్గర తెల్లటి పాలు బొట్టులా ఉబికాయి. (ఆ పాలు చేతికి తగలనివ్వకండి, ఎండ సోకితే బొబ్బలొస్తాయి.) ఆకు నలిపి చూస్తే అచ్చం నా సీసాలోని వాసనే! ఈ పెర్ఫ్యూమ్‌లు పండు కోసం కాదు, ఆకు, పాలు, బెరడు కలిసిన చెట్టు కోసం చేసినవి. పెర్ఫ్యూమ్‌లు రూపొందించే ఒలీవియా జియాకొబెట్టి 1994లో చేసిన ప్రీమియర్ ఫిగియే, 1996లో చేసిన ఫిలోసికోస్ ఆ తరహావే. ఆకు పసరు వాసనకు స్టెమోన్, పాల కొబ్బరి తీపికి గామా ఆక్టాలాక్టోన్ లాంటి వాసన రసాయనాలు వాడతారట.

అరగంటకే పోవడమూ నిజం కాదు, నా ముక్కు అలవాటు పడిపోతోంది అంతే. పొద్దున రాసుకుంటే మధ్యాహ్నం మా అక్క "ఏదో చెట్టు వాసన, భలే ఉందే" అంది. కాటన్ చున్నీ మీద కొడితే సాయంత్రం దాకా ఉంటోంది.

వాసన ఎక్కువసేపు నిలవాలంటే ముందు వ్యాసెలిన్ రాయమన్న చిట్కాతో నాకు తేడా కనిపించలేదు. అసలుదో నకిలీదో తేల్చుకోడానికి సీసా మీది బ్యాచ్ నంబర్ వెతుకులాట అనవసరం. వాన వెలిసిన పూట మాత్రం వేసుకుని చూడండి, ఎంత బాగుంటుందో!