ఒక్క సైనికుణ్ణి నేరుగా నడిపేటప్పుడు మిగతా దళాన్ని నిలిపి ఉంచడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా 2014లో వచ్చిన ‘మెన్ ఆఫ్ వార్: అసాల్ట్ స్క్వాడ్ 2’ అనే కంప్యూటర్ ఆటలో, కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఒక్క సైనికుణ్ణి స్వయంగా నడిపినప్పుడల్లా మిగతా దళం నా చేయి దాటిపోతోంది. నిన్న శత్రు ట్యాంకు చైను తెంచడానికి ఒకణ్ణి గ్రెనేడుతో గోడ వెంట పాకించాను. ఆ 40 సెకన్లలోనే, ఇసుక బస్తాల వెనుక ఉంచిన ఆరుగురిలో నలుగురు లేచి ముందుకు ఉరికి మెషిన్ గన్‌కు బలయ్యారు. చైను తెగింది గానీ, కదలలేని ఆ ట్యాంకును స్వాధీనం చేసుకోవడానికి తగినంత మంది మిగలలేదు.

ముందుగా వారికి స్థానం వదలవద్దన్న ఆదేశం ఇచ్చి చూశాను. పక్కనే గ్రెనేడు పడినా కదలక ముగ్గురు ఒకేసారి పోయారు. కాల్పులు ఆపమన్న ఆదేశం జోడిస్తే, శత్రువు పది అడుగుల దూరానికి వచ్చినా తుపాకి ఎత్తలేదు. దళాన్ని రెండుగా చీల్చి నంబరు కీలకు కేటాయించినా ఫలితం మారలేదు. క్షణక్షణం పాజ్ చేస్తే పని జరుగుతుంది, కానీ ఒక్కొక్కరి తూటాలు కూడా లెక్కలోకి వచ్చే ఇంత వాస్తవికమైన ఆటలో అది నాకు దొంగాటలా అనిపిస్తుంది. మోడ్‌లేవీ (ఆటను మార్చడానికి ఇతరులు తయారుచేసే అదనపు ఫైళ్లు) వాడడం లేదు. కఠినత సాధారణ స్థాయిలోనే ఉంది.

నేను ఒకణ్ణి నడుపుతున్నంతసేపు మిగతావారు చాటు వదలకుండా, గ్రెనేడు పడితే మాత్రం తప్పుకునేలా చేయాలంటే, కదలికకూ కాల్పులకూ ఏ ఆదేశాలను జతగా పెట్టాలి?