సుగరు, బీపీ, థైరాయిడు, పైగా క్రియాటినిన్: ఇన్ని ఉన్నవాళ్లు బరువు తగ్గే ఆపరేషన్‌కి వెళ్లొచ్చా?

గంటస్తంభం_వీధి:
అందరికీ నమస్కారమండీ. మాది విజయనగరం. నాకు 43 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 112 కేజీలు, బీఎంఐ 45 అన్నారు. సుగరు చాలా ఏళ్లనుంచి ఉంది, ఇప్పుడు రెండుపూటలా ఇన్సులిన్. బీపీకి టెల్మిసార్టాన్, నీటిమాత్ర కలిసిన బిళ్ల. థైరాయిడ్ బిళ్ల 100. మోకాళ్లు మెట్లెక్కనివ్వట్లేదు. ఇవన్నీ ఒకెత్తు, మొన్న టెస్టుల్లో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 1.7 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువట. వైజాగ్‌లో సర్జన్ గారు బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్, చేయించుకుంటే మంచిదన్నారు, ఇక్కడ సుగరు డాక్టరు గారేమో కిడ్నీ డాక్టరు ఒప్పుకుంటేనే అంటున్నారు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, కోసి పారేసిన పొట్ట మళ్లీ వస్తాదేటి అంటారు మా అత్తగారు. నేను అడిగేదేటంటే, కిడ్నీ ఇలా ఉన్నవాళ్లెవరైనా చేయించుకున్నారా, స్లీవ్ (పొట్టలో చాలా భాగం తీసీసేది) మంచిదా బైపాస్ (పొట్టని చిన్నది చేసి పేగుకి అతికేది) మంచిదా, ఇన్సులిన్ నిజంగా పోద్దా, ఇన్సూరెన్స్ ఇస్తారా. తిండి తగ్గించు అని మాత్రం ఎవరూ చెప్పకండి, దయచేసి. ఆ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను.

రాజాం_వాసి:
అప్పా, భయపడకండి. నేను స్లీవ్ చేయించుకుని కొన్నేళ్లయింది. అప్పుడు 128 ఉండేవాణ్ణి ఇప్పుడు 84. రాత్రిళ్లు గురకకి మూతికి మిషను పెట్టుకుని పడుకునేవాణ్ణి, అది తీసీసారు. బీపీ మాత్రలు తగ్గిపోయాయి. సుగరు మాత్రలైతే ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడే సగం ఆపీసారు, ఎందుకంటే తిండి లేకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే సుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పొట్టలో ముప్పావు వంతు పైనే తీసీస్తారు, మిగిలింది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఆ తీసీసిన భాగంలోనే ఎక్కువ తయారవుద్ది, అందుకే మొదట్లో ఆకలే తెలీదు. కంచం ముందు కూర్చుని నాకు చాలు అనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి, ఆ సుఖం చెప్తే అర్థం కాదు. కిడ్నీ సంగతి నాకు తెలీదు గానీ చేయించుకోండి.

ఉద్దానం_తోట:
కిడ్నీ సంగతి తెలీదు గానీ చేయించుకోండి అంటారేటండీ? మాది ఉద్దానంలో కవిటి మండలం, కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ చోటు. ఇంట్లో ఇద్దరిని డయాలసిస్‌కి తిప్పినవాణ్ణి నేను. 1.7 అంటే చిన్న అంకెలాగ కనబడుద్ది, ఆడవాళ్లకి ఆవిడ వయసుతో లెక్కేస్తే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే లెక్క) 38 దగ్గర వస్తాది, అంటే కిడ్నీ జబ్బులో మూడో దశ, అందులోనూ ఎక్కువ ముదిరిన 3బి. మావోళ్లకి సుగరు లేదు, లావు లేదు, చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే మనుషులకి కిడ్నీలు పోయాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి పెట్టారు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు 700 కోట్లతో పైపుల్లో తెచ్చారు, 2023 డిసెంబర్‌లో రెండూ ప్రారంభించారు, మంచిదే, గానీ పోయిన కిడ్నీ తెచ్చి ఎవరిస్తారు? అమ్మా, ఉన్నది కాపాడుకోండి. ఆపరేషన్ అయ్యాక డబ్బాలు డబ్బాలు ప్రొటీన్ పౌడర్ తాగిస్తారు, మీ కిడ్నీకి అదే శత్రువు.

నాగావళి_గట్టు:
పౌడర్లూ వద్దు ఆపరేషనూ వద్దు. మా తాతలు చోడంబలి (రాగి అంబలి) తాగి పొలం దున్నారు, ఒక్కడికి సుగరుందా? నేను పొద్దున్న చోడంబలిలో పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి మళ్లీ అంబలి. 18 కేజీలు తగ్గాను. ఎండాకాలం తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) కూడా. ఒక్క రూపాయి ఆస్పత్రికి ఇవ్వలేదు.

డైట్_బొబ్బిలి:
నేను క్లినికల్ డైటీషియన్‌ని, బేరియాట్రిక్ పేషెంట్లని చూసిందాన్ని, కాబట్టి కొంచెం వినండి. 100 గ్రాముల చోళ్లలో (రాగుల్లో) ప్రొటీన్ 7 గ్రాములు, పిండిపదార్థం 70 పైన. పల్చగా జావలాగ కాచి తాగితే సుగరు ఇంకా తొందరగా ఎక్కుద్ది, ఇన్సులిన్ మీదున్న ఆవిడకి పూటపూటా అంబలి చెప్తారా? కాల్షియం బాగుంది, 340 మిల్లీగ్రాముల పైనే, అది ఒప్పుకుంటాను. ఆపరేషన్ తర్వాత రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కరిగిపోద్ది, జుట్టు ఊడిపోద్ది. గ్లాసుడు అంబలిలో ఎంతుంటాదో మీరే లెక్కేసుకోండి.

నాగావళి_గట్టు:
మేడమ్, మీరు పౌడర్ డబ్బాలు అమ్ముకునేవాళ్లు, మీకు అంబలి ఎందుకు నచ్చుద్ది. డబ్బాకి ఎంత కమీషన్?

డైట్_బొబ్బిలి:
నేను ఒక్క డబ్బా అమ్మలేదు. గుడ్డు తెల్లసొన, పెరుగు, చేప, పెసరపప్పు అనే చెప్తాను, అది దిగనప్పుడే పౌడర్. చదువుకుని ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఇలాంటి మాటలు పడను.

ఉద్దానం_తోట:
60 గ్రాములు అని గట్టిగా చెప్పీసారు గదా, కిడ్నీ డాక్టర్లు కేజీ బరువుకి 0.8 గ్రాముల ప్రొటీన్ దాటొద్దంటారు. ఏది నమ్మాలి ఆవిడ?

డైట్_బొబ్బిలి:
ఇది సరైన ప్రశ్న. ఆ 0.8 ఇప్పుడున్న 112 కేజీలకి లెక్కకట్టరు, ఆ ఎత్తుకి ఉండాల్సిన బరువుని బట్టి కడతారు. ఆవిడకి ఆ లెక్క 45, 50 గ్రాముల దగ్గర వస్తాది. మా లెక్క 60. మధ్యలో ఎక్కడ నిలబెట్టాలో కిడ్నీ డాక్టరూ డైటీషియనూ ఒకచోట కూర్చుని తేల్చాలి, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతుందో చూసి. అందుకే కిడ్నీ డాక్టరు లేకుండా ముందుకెళ్లొద్దు అనేది. పౌడర్ తీసుకున్నా డబ్బా మీద పొటాషియం, ఫాస్ఫరస్ చూడాలి.

నాగావళి_గట్టు:
చూసారా, చివరికి ఆవిడే ఒప్పుకున్నారు పౌడర్‌తో డేంజరని.

రాజాం_వాసి:
ఒప్పుకున్నదేటి బాబూ, మీరు చదివిందేటి! నేను ఆ పౌడర్ తాగే బతికాను మొదటి నెలల్లో. మీకు 18 కేజీలు తగ్గింది, సంతోషం. ఆవిడకి తగ్గాల్సింది 50. అందరి ఒళ్లూ ఒకటేనా?

టెక్కలి_టీచర్:
ఆవిడ అడిగిందొకటి, ఇక్కడ నడుస్తున్నదొకటి. స్లీవా బైపాసా అని అడిగారు, దానికి నేను చెప్తాను. మా తమ్ముడికి బైపాస్ చేసారు. సుగరు చాలా బాగా దిగింది, నిజం చెప్పుకోవాలి. గానీ తర్వాత కిడ్నీలో రాళ్లు మొదలయ్యాయి, నొప్పికి మెలికలు తిరిగిపోయేవాడు. బైపాస్‌లో కొవ్వు సరిగ్గా అరగదు, ఆ కొవ్వు పేగులో కాల్షియాన్ని పట్టీసుకుంటాది, అప్పుడు తిండిలో ఉండే ఆక్సలేట్ ఒంటరిగా మిగిలి రక్తంలోకి పోయి కిడ్నీలో చేరుద్ది, అలాగ వివరించారు మాకు. ఆ రాళ్లే కాదు, ఆక్సలేట్ ఎక్కువైతే కిడ్నీయే దెబ్బతింటాదట. ఇప్పుడు పాలకూర బంద్, జీడిపప్పు బంద్ (పలాస పక్కన పుట్టి జీడిపప్పు తినలేకపోవడం వాడికి పెద్ద బాధ), కాల్షియం సిట్రేట్ భోజనంతో పాటు వేసుకోమన్నారు. కాబట్టి మేడమ్, క్రియాటినిన్ 1.7 ఉన్న మీకు బైపాస్ అంటే ఈ రాళ్ల సంగతి గట్టిగా అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి చాలామంది సర్జన్లు స్లీవ్ వైపే మొగ్గుతారు, కారణం ఇదే.

పైడితల్లి_భక్తుడు:
స్లీవ్ అయితే ఛాతీలో మంట ఎవడు పడతాడు? నాకు ముందే గ్యాస్ ఉంది, స్లీవ్ చేసీసారు, ఇప్పుడు రాత్రి పడుకుంటే పులుపు గొంతులోకి వస్తాది, మంచం తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటున్నాను. ముందు ఎండోస్కోపీ చేసి చూడాల్సింది, చూడలేదు. ఆ ఆస్పత్రి పేరు చెప్పను. ఇప్పుడు బైపాస్‌గా మార్చాలంటున్నారు, మళ్లీ లక్షలు. గ్యాస్ ఉంటే స్లీవ్ వద్దు, అంతే.

రాజాం_వాసి:
నాకు ఏమీ లేదే మంట.

పైడితల్లి_భక్తుడు:
మీకు లేకపోతే ఎవరికీ లేనట్టా? మీ ఒక్కరి అనుభవంతో అందర్నీ తోసీకండి ఆపరేషన్‌లోకి.

చీపురుపల్లి_బండి:
వీటన్నిటికంటే ఇంజెక్షన్ మేలు కదా. మౌంజారో అని సుగరుకీ బరువుకీ ఇచ్చే ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, వారానికొకటి. మా బావగారు వాడుతున్నారు, బాగా తగ్గారు. గానీ థైరాయిడ్ ఉన్నవాళ్లకి పడదంట.

డైట్_బొబ్బిలి:
తప్పు. పడనిది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తనకి గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఉన్నవాళ్లకి. మామూలుగా థైరాక్సిన్ బిళ్ల వేసుకునేవాళ్లకి కాదు. ఈ పుకారు విని ఎంతమంది ఆగిపోతున్నారో.

చీపురుపల్లి_బండి:
సరే మేడమ్, నేను విన్నది చెప్పాను. ధర మాత్రం వచ్చిన కొత్తలో 2.5 ఎంజీ ఒక్క వయల్ 3,500, 5 ఎంజీ 4,375. నెలకి నాలుగు. ఆపీస్తే మళ్లీ బరువెక్కుతున్నారు.

ఉద్దానం_తోట:
ఆ ఇంజెక్షన్‌తో వాంతులూ విరేచనాలూ అయి నీరు పోయినా కిడ్నీకే దెబ్బ. మళ్లీ మళ్లీ చెప్తున్నాను.

గంటస్తంభం_వీధి:
అందరికీ థాంక్సండీ, గానీ ఇన్సూరెన్స్ గురించి ఒక్కరూ చెప్పలేదు. మా ఇంట్లో డబ్బు దగ్గరే మాట ఆగిపోతోంది.

పాలకొండ_ఎల్‌డీసీ:
నేను చెప్తాను, నా క్లెయిమ్ తిప్పికొట్టారు గనక నాకు నోటికొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ చెప్పిన ప్రకారం ఊబకాయం ఆపరేషన్ ఊరికే ఇవ్వరు. డాక్టరు సలహా ఉండాలి, 18 నిండాలి, బీఎంఐ 40 గానీ ఆపైన గానీ ఉండాలి, లేదా 35 గానీ ఆపైన గానీ ఉండి దానికి తోడు గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), కంట్రోల్ కాని టైప్ 2 సుగరు లాంటిది ఉండాలి, ఈ 35 వాళ్లకి పైగా వేరే మార్గాల్లో తగ్గడానికి చూసి కుదరలేదని కాగితం ఉండాలి. నన్ను కొట్టింది ఆ ఆఖరి ముక్కతోనే. ఏళ్లతరబడి డైటింగ్ చేసాను, వాకింగ్ చేసాను, రాసిన చీటీ ఒక్కటి కూడా అడగలేదు ఎవరూ, తీరా క్లెయిమ్ పెట్టాక ఆధారం ఏది అన్నారు. మీ బీఎంఐ 45 గనక ఆ గొడవ లేదు, గానీ పాలసీ ఎప్పుడు తీసుకున్నారు? ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్లకి మించకూడదన్నారు, అంతకు ముందు నాలుగు. సుగరు, బీపీ పాలసీ తీసుకున్నప్పుడు రాసారా లేదా చూసుకోండి, రాయకపోతే అక్కడే పట్టుకుంటారు. డైటీషియన్ చీటీలు, బరువు రాసిన పాత ఓపీ చీటీలు అన్నీ జాగ్రత్త చేయండి ఇవాళ్టి నుంచే.

నాగావళి_గట్టు:
లక్షలు పోసి, కాగితాలు పోగేసి, జీవితాంతం విటమిన్ బిళ్లలు మింగడానికి ఇంత తాపత్రయమా. లావుగా ఉన్నోళ్లకి మనసు గట్టిగా ఉండదు, అసలు జబ్బు అదే.

టెక్కలి_టీచర్:
ఆ మాట వెనక్కి తీసుకోండి. క్లాసులో పిల్లల ముందు కుర్చీలో ఇరుక్కుని లేవలేకపోయిన మనిషిని నేను చూసాను, ఆవిడ మనసు మీకంటే గట్టిది. విజయనగరం ఆవిడ మొదటే అడిగారు ఇలాంటి మాట ఎవరూ అనొద్దని.

నాగావళి_గట్టు:
నేను ఆవిడని అనలేదు, లోకం సంగతి చెప్పాను.

రాజాం_వాసి:
లోకంలో నేనూ ఉన్నాను తమ్ముడూ. చాలు.

పర్లాకిమిడి_రోడ్డు:
నాది వేరే బాధ. నాకు కీళ్లవాతం, స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడతాను, నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకునేదాన్ని. బైపాస్ చేయించుకుంటే నొప్పి బిళ్లలు ఇక మర్చిపోవాలన్నారు, అతుకు దగ్గర పుండు పడుద్దట. విజయనగరం అప్పా, మీరు మోకాళ్లకి ఏం వాడుతున్నారు? డైక్లోఫెనాక్ అయితే ఇవాళే డాక్టరు గారికి చెప్పండి, మీ కిడ్నీకి ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఆ బిళ్లే ప్రమాదం.

గంటస్తంభం_వీధి:
అయ్యో, మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటున్నానమ్మా, నొప్పి ఎక్కువున్నప్పుడు. దాని పేరు చూస్తే మీరు చెప్పిందే. ఎవరూ అడగలేదు నన్ను ఈ మాట.

ఉద్దానం_తోట:
దండం పెడతాను, పడేయండి దాన్ని. ఆపరేషన్ చేయించుకున్నా చేయించుకోకపోయినా.

డైట్_బొబ్బిలి:
ఆవిడ అడిగిన ఇన్సులిన్ సంగతి మిగిలిపోయింది. సుగరు వచ్చి ఎక్కువ ఏళ్లయి, ఇన్సులిన్ మీదున్నవాళ్లకి పూర్తిగా పోయే అవకాశం తక్కువ, డోసు మాత్రం బాగా తగ్గుద్ది. సి-పెప్టైడ్ టెస్ట్ చేస్తే ప్యాంక్రియాస్‌లో ఎంత బలం మిగిలిందో తెలుస్తాది. కంటి రెటీనా కూడా ముందే చూపించుకోండి, సుగరు ఒక్కసారిగా దిగితే కొందరికి కంటి జబ్బు ముదురుద్ది. ఇంకా బీపీ బిళ్ల. ఆపరేషనైన కొత్తలో గుక్కగుక్కగా తప్ప నీళ్లు దిగవు, అప్పుడు టెల్మిసార్టాన్, నీటిమాత్ర అదే డోసులో వేసుకుంటూ పోతే ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పైకి పోద్ది. ఎవరు మారుస్తారు, ఎప్పుడు మారుస్తారు అని డిశ్చార్జి రోజే రాయించుకోండి.

రాజాం_వాసి:
ఇది నిజం, నేను కూడా లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. థైరాయిడ్ బిళ్ల సంగతి కూడా, ఐరన్, కాల్షియం బిళ్లలకి దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, బరువు తగ్గాక డోసు కూడా తగ్గించారు మా అక్కకి.

గంటస్తంభం_వీధి:
అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ముందు కిడ్నీ డాక్టరు గారి దగ్గరకే వెళ్తున్నాను, యూరిన్ ఆల్బుమిన్, సి-పెప్టైడ్, ఎండోస్కోపీ గురించి అడుగుతాను, నొప్పి బిళ్ల సంగతి చెప్తాను. ఆయన సరేనంటే స్లీవ్. ఆయన వద్దంటే మీ అందర్నీ మళ్లీ అడుగుతాను. పాలకొండ అన్నయ్యా, మా పాలసీ మావారి ఆఫీసు వాళ్లది, గ్రూపు పాలసీ. దానికి కూడా ఆ వెయిటింగ్ ఉంటాదేటి?

పాలకొండ_ఎల్‌డీసీ:
గ్రూపుకి చాలావాటిల్లో మొదటిరోజు నుంచే ఇస్తారు, అన్నిటిలో కాదు. ఆఫీసులో పాలసీ కాపీ అడిగి తీసుకోండి, ఊబకాయం అని ఉన్న పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పేర్లూ నంబర్లూ కనబడకుండా. చూసి చెప్తాను.