ఆదివారం చెడుగుడు: హాలు వాళ్ళు కుదరదన్నారు, అందరూ వెంటనే చూడండి

కావలి అన్న, బుధవారం రాత్రి 9.10
సిడ్నీ సంక్రాంతికి ఇంక నాలుగు రోజులే. అరిసెలు ఒంగోలు వదిన, ముగ్గుపిండి ఉదయగిరి చెల్లి, మైకు కందుకూరు తమ్ముడు, చేపల పులుసు నేను. ఇప్పుడు అసలు సంగతి. హాలు వాళ్ళ మెయిలొచ్చింది. ఉత్తికాళ్ళతో చెడుగుడు ఆడనివ్వరంట, ఇన్సూరెన్స్ ఒప్పుకోదంట. రేపు సాయంత్రంలోగా బూట్లకి సరే అనాలి, లేకపోతే హాలు వదులుకోవాలి. వదిలితే డిపాజిట్ 300 డాలర్లు హుష్‌కాకి.

కందుకూరు తమ్ముడు, 9.16
ఏందన్నా ఇది! బూట్లేసుకుని చెడుగుడా? పెన్నా ఇసకలో, మైపాడు ఒడ్డున ఉత్తికాళ్ళతోనే ఆడి పెరిగాం. ఎవరి కాలు విరిగింది?

ఒంగోలు వదిన, 9.31
విరగలేదు, బెణికింది. పోయినేడు ఎవరిదో నన్నడక్కు తమ్ముడూ. ఇసక వేరు, చెక్క నేల వేరు. చెమట కాలు ఆ నేల మీద ఒక అడుగు జారుతుంది, ఇంకో అడుగు అతుక్కుంటుంది. సరిగ్గా అతుక్కున్నప్పుడే వెనక నుంచి ఒకడు చీలమండ పట్టేస్తాడు, కూతకొచ్చినవాడు గీత వైపు ఒళ్ళు తిప్పుతాడు. పాదం లోపలికి మడతపడి బయటివైపు లిగమెంటు సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. మా క్లినిక్‌కొచ్చే బెణుకుల్లో ఎక్కువ ఆ వైపువే. బొటనవేలు వెనక్కి విరుచుకోవడం, గోరు లేచిపోవడం సరేసరి. ప్రో కబడ్డీలో మ్యాట్ మీద బూట్లతోనే ఆడుతున్నారుగా, వాళ్ళకి రాని నామోషీ మనకెందుకు?

కందుకూరు తమ్ముడు, 9.34
మీరు ఆడరు గదా వదినా, చెప్పడం తేలికే.

ఒంగోలు వదిన, 9.36
ఆడను. పోయినేడు నీ కాలికి ఐసు పెట్టింది మాత్రం నేనే. అప్పటికే మీవాళ్ళు నూనె రాసి రుద్దేస్తున్నారు, నువ్వేమో పుత్తూరు కట్టు కావాలని ఏడుస్తున్నావు. ఈసారి ఇంకెవరినైనా చూసుకోండి.

ఉదయగిరి చెల్లి, 10.05
ఇద్దరూ ఆగండి. మా ఇంటి దగ్గర ఇసక వాలీబాల్ కోర్టు ఆదివారం పొద్దున ఖాళీ. 16×8 మీటర్లు. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13×10, అది పట్టదు. ఆడవాళ్ళ కొలత 12×8, సరిగ్గా సరిపోతుంది. ఏడుగురు కాకుండా ఐదుగురేసి ఆడితే?

కావలి అన్న, 10.12
బంగారు తల్లివి! కాకపోతే ఇక్కడి జనవరి ఎండకి పదయ్యేసరికి ఇసక పెనమే. ఏడుకి మొదలెట్టి తొమ్మిదిన్నరకి ముగిద్దాం. పక్కన గడ్డిలో బిండీ ముళ్ళుంటాయి, మన పల్లేరుకాయలకి చెల్లెళ్ళు. ఇసకలో అడుగుపెట్టేదాకా ఎవరూ చెప్పులు విప్పొద్దు.

కందుకూరు తమ్ముడు, 10.40
వదినా, తప్పు నాదే. నోరు జారాను. మీరు రాకపోతే నేను ఆడను.

ఒంగోలు వదిన, గురువారం ఉదయం 6.20
వస్తాలే. ఇసకలో పడితే దెబ్బ తక్కువే గానీ కాలు దిగబడి మెలికపడుతుంది. ఒకసారి బెణికిన కాలే మళ్ళీ బెణుకుతుంది, కాబట్టి నువ్వు బ్రేసు లేకుండా దిగేది లేదు. ఎవరికి బెణికినా అక్కడితో ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు, కాలు ఎత్తు మీద. రుద్దడాలు లేవు. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, చీలమండ ఎముక వెనకంచు నొక్కితే నొప్పెట్టినా నేరుగా ఎక్స్‌రేకే. వాపు లేదు గదా అని ఇంటికి పోవద్దు.

కావలి అన్న, 8.02
హాలు వద్దని రాసేశా. 300 పోయినట్టే, కోర్టు డబ్బులు నేను కడుతున్నా. అక్కడ పొయ్యి పెట్టనివ్వరు, పులుసు బదులు పులిహోర.

ఉదయగిరి చెల్లి, 8.15
గాజుపెంకులుంటాయేమో, ఆరున్నరకల్లా ఇసకంతా ఒకసారి గీకాలి. రేక్ ఎవరింట్లో ఉంది?

కందుకూరు తమ్ముడు, 8.17
నా దగ్గరుంది. ఆరుకే వస్తా. అది పెడితే కార్లో ఇంక మైకు పట్టదు.