పూర్వ విద్యార్థి ఉపన్యాస పురస్కారం: ఎవరికివ్వాలి?

మెకానికల్ 94:
మా ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం వచ్చే ఏడాది నుంచి ఉపన్యాస పురస్కారం ఒకటి పెడుతోంది. ఏటా ఒక పూర్వ విద్యార్థిని పిలిచి, గంటసేపు మాట్లాడించి, శాలువా, జ్ఞాపిక, కొంత నగదు ఇస్తారు. పేరు లైబ్రరీ గోడ మీద చెక్కిస్తారు. మొదటిసారికి కమిటీ దగ్గర మూడు పేర్లున్నాయి. ఒకాయన అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ వైస్ ప్రెసిడెంట్. ఒకాయన కాంట్రాక్టరు, హాస్టల్‌కి విరాళమిచ్చారు. మూడో ఆయన సింగపూర్‌లో ప్రొఫెసర్. వాట్సాప్ గ్రూపులో గొడవై అడ్మిన్ గ్రూపే మూసేశాడు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. కాలేజీ పేరు నేను రాయను, తెలిసినవాళ్లు మీరూ రాయొద్దు.

బే ఏరియా బావ:
ఇందులో ఆలోచించడానికేముంది? వైస్ ప్రెసిడెంట్‌కే. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబ్ సీఈఓ అయ్యాడు. మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివి 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేది ఇలాంటివాళ్ల మాటే.

కాలువ లష్కర్:
రిటైరైన ఇరిగేషన్ ఎస్ఈని (సూపరింటెండింగ్ ఇంజినీరు). అదే కాలేజీ. మూడు పేర్లూ చూశాను. కాంట్రాక్టరు గారిని పక్కనపెడితే ఈ నేల మీద పనిచేసినవాడు ఒక్కడూ లేడు. ఇంజినీరు అంటే కట్టినవాడు. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు (కే.ఎల్. రావు) మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1939లో బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి ఏం చేశారో నాగార్జునసాగర్ డ్యాం చూస్తే తెలుస్తుంది. పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు. మీ వైస్ ప్రెసిడెంటు ఏం కట్టాడు?

బే ఏరియా బావ:
అంటే నాదెళ్ల ఇంజినీరు కాడంటారా?

కాలువ లష్కర్:
ఆయన గొప్పవాడు. నేనడిగింది ఆయన గురించి కాదు.

బే ఏరియా బావ:
కాదు సార్, ముందు దీనికి జవాబు చెప్పండి. మేనేజరైతే ఇంజినీరు కాడా? అయితే కే.ఎల్. రావు 1963లో కేంద్ర మంత్రయ్యారు, విజయవాడ ఎంపీగా గెలిచారు. మంత్రి కాంక్రీటు కలుపుతాడా? విశ్వేశ్వరయ్య 1912 నుంచి ఆరేళ్లు మైసూరు దివాను. ఆయనా మేనేజరేగా. మీ లెక్కన ఇద్దరికీ గోడ మీద చోటు లేదు.

కాలువ లష్కర్:
విశ్వేశ్వరయ్య దివాను కాకముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యాంలో తాను రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. వరద మట్టం దాటితే వాటంతటవే తెరుచుకుంటాయి. పదవి ఆ తర్వాత వచ్చింది. వరద రాత్రి కాలువ గట్టు మీద నిలబడి షట్టరు ఎంత ఎత్తాలో తేల్చుకున్నవాడికి ఈ తేడా ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మూసీ ఒడ్డు:
విశ్వేశ్వరయ్య పేరెత్తారు కాబట్టి ఒక మాట. 1908 మూసీ వరదల తర్వాత ఆయన సలహా ఇచ్చారు, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నిజాంసాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు మీ కాలేజీలో ఎంతమందికి తెలుసు? దేశమంతా విశ్వేశ్వరయ్య పుట్టినరోజు సెప్టెంబరు 15న ఇంజినీర్స్ డే చేసుకుంటే, తెలంగాణలో అలీ నవాజ్ పుట్టినరోజు జులై 11న కూడా చేసుకుంటున్నాం. సలహా ఇచ్చినవారికి దేశమంతా దండలు, దగ్గరుండి కట్టించినవారికి ఒక్క రాష్ట్రంలో.

కృష్ణా డెల్టా:
మళ్లీ మొదలెట్టారా రాష్ట్రాల గోల.

మూసీ ఒడ్డు:
రాష్ట్రాల గోల కాదన్నా. లష్కర్ సార్ చెప్పిందే నేనూ చెప్తున్నా.

కాలువ లష్కర్:
నేను చెప్పింది అది కాదు.

132 కేవీ:
కరెంటు ట్రాన్స్‌మిషన్ సంస్థలో డీఈని (డివిజనల్ ఇంజినీరు). ఇన్ని పోస్టులయ్యాయి, మూడు పేర్లూ మగవాళ్లవేనని ఒక్కరూ అనలేదు. లష్కర్ సార్ గిండీ అన్నారు కదా, అదే గిండీలో 1943లో ఎలక్ట్రికల్ పూర్తిచేసిన అయ్యలసోమయాజుల లలిత గారు మన తెలుగావిడే. మన దేశంలో తొలి మహిళా ఇంజినీరుగా చెప్పేది ఆవిడనే. ఆవిడకి పద్దెనిమిదేళ్లప్పుడే భర్త పోయారు, చేతిలో నెలల పాప. తర్వాతే చదువు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేశారు, భాక్రా నంగల్ పనిలోనూ ఉన్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల సదస్సుకి వెళ్లారు. ఆవిడతోపాటు గిండీలో చదివిన పి.కె. త్రేసియా 1971లో కేరళ ప్రభుత్వంలో చీఫ్ ఇంజినీరయ్యారు. మన కమిటీకి మాత్రం ఇన్ని బ్యాచ్‌ల్లో ఒక్క అమ్మాయి దొరకలేదు.

బే ఏరియా బావ:
ప్రతిదాన్లో ఆడా మగా ఎందుకు మేడం? ప్రతిభ చూడాలి.

132 కేవీ:
మీరు చూస్తున్నది ప్రతిభనా, హోదానా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు టవర్లు కూలాయి. మా సీనియర్ ఒకావిడ, ఇదే కాలేజీ, రోజుల తరబడి ఇల్లు మొహం చూడకుండా లైన్లు నిలబెట్టించారు. ఎక్కడ గ్యాంగులు పెట్టాలి, ముందు ఆసుపత్రికా, నీళ్ల పంపులకా, ఏ సెక్షన్‌కి ఎల్‌సీ (లైను ఆపి పనిచేసుకునే అనుమతి) ఇవ్వాలి, అన్నీ ఆవిడ నెత్తినే. కరెంటు వచ్చింది, అందరూ ఫ్యాను వేసుకున్నారు, అంతే. ఆవిడకి లింక్డ్‌ఇన్ కూడా లేదు.

సీఎస్ఈ 08:
+1. ఆవిడ మాట్లాడితే సెలవు పెట్టుకుని వస్తా.

బే ఏరియా బావ:
అది ఆవిడ డ్యూటీ కదా. డ్యూటీ చేసిన ప్రతివాళ్లకీ పురస్కారమిస్తే గోడ చాలదు.

కాలువ లష్కర్:
ఇదిగో, అసలు మాట బయటపడింది. మేం చేసింది డ్యూటీ, మీరు చేసింది ఘనత. ఇదే కాలేజీ వేరే సన్మానం పెట్టినప్పుడు మా పాత సార్ పేరు నేనే పంపాను. డెల్టా ఆధునికీకరణలో వయసంతా అరగదీసిన మనిషి. ఫారం అసంపూర్తిగా ఉందని వెనక్కొచ్చింది. పేటెంట్లున్నాయా, అంతర్జాతీయ అవార్డులున్నాయా అని అడిగారు. ప్రభుత్వ ఇంజినీరు గీసిన డ్రాయింగు మీద శాఖ పేరుంటుంది, అంచనా మీద పైవాడి సంతకముంటుంది. ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) తప్ప ఆయన చేతిరాత ఇంకెక్కడా మిగల్లేదు. ఆ ఏడాది సన్మానం ఎవరికి జరిగిందో తెలుసా? ఆడిటోరియంలో ఏసీలు పెట్టించిన ఆయనకి.

మెకానికల్ 94:
సార్, ఆ ఏసీలు ఇప్పుడు పనిచేయడం లేదు.

బే ఏరియా బావ:
మీ బాధ ఏసీల గురించి కాదు, మేం వెళ్లిపోయామని. సూటిగా అనండి. నాదీ సివిలే, సీఎస్ఈ కాదు. ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగానికి ఏఈఈ పరీక్ష రాశాను. నోటిఫికేషన్ కోర్టు కేసుల్లో ఇరుక్కుంది. ఎదురుచూసి ఎదురుచూసి, నాన్న రిటైరయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుని విమానమెక్కాను. మీరు కట్టాలంటున్న కాలువ కట్టడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, పిలవలేదు. ఇప్పుడొచ్చి ఏం కట్టావని అడుగుతారా? మీ తరానికి డిగ్రీ చేతికొచ్చేలోపు ఉద్యోగం కాళ్ల దగ్గరికొచ్చింది. మాకు రాలేదు. పిల్లలకి గట్టు మీది కబుర్లు చెప్పి ఆ పరీక్షకి కూర్చోబెడితే వాళ్ల అప్పు ఎవరు తీరుస్తారు?

కాలువ లష్కర్:
వెళ్లినందుకు నేనెవర్నీ తప్పుపట్టలేదు. మా అబ్బాయీ డల్లాస్‌లోనే ఉన్నాడు. కానీ వెళ్లడమే ఘనత అని కాలేజీ గోడ మీద చెక్కిస్తే, ఇక్కడ మిగిలినవాళ్లంతా చేతకాక మిగిలారని పిల్లలు చదువుకుంటారు. నేను ఒప్పుకోనిది అది.

బే ఏరియా బావ:
గోడ మీద మీ పేరు రాస్తే వెళ్లినవాళ్లంతా ద్రోహులని చదువుకుంటారు. అదెలా ఒప్పుకోమంటారు?

నిర్వాహకుడు:
ఇద్దరూ కొంచెం తగ్గండి. ‘ద్రోహి’ మాట ఈసారికి వదిలేస్తున్నా, ఇంకోసారైతే తీసేస్తాను.

ఫైనలియర్ సివిల్:
వినాల్సింది మేము కాబట్టి చెప్తున్నా. పోయినసారి ఒక సార్ వచ్చి గంటన్నరసేపు చిన్నప్పుడు ఎన్ని మైళ్లు నడిచి బడికెళ్లారో చెప్పారు. తర్వాత ‘రిస్క్ తీసుకోండి’ అన్నారు. అటెండెన్స్ వేస్తామని మమ్మల్ని కూర్చోబెట్టి తలుపులేశారు. అమెరికా నుంచి వచ్చినా అంతే, అనంతపురం నుంచి వచ్చినా అంతే. మా సాయిల్ మెకానిక్స్ మేడం రాంకిన్ లెక్చర్ గురించి చెప్పారు. బ్రిటన్‌లో 1961లో మొదలుపెట్టారు. మొదటిది ఆర్థర్ కాసాగ్రాండే ఇచ్చారు, డ్యాముల పునాదుల్లోంచి నీటి ఊటని ఎలా అదుపు చేయాలన్నదాని మీద. అది అచ్చయింది, ఇప్పటికీ చదువుతున్నారు. అలా ఒక్క పని గురించి, ఎక్కడ లెక్క తప్పిందో సహా చెప్పేవాళ్లెవరైనా మాకు ఓకే. టవర్ ఏ గాలికి, ఎక్కడ విరిగిందో ఆ హుద్‌హుద్ మేడం చెప్తారా?

సింగపూర్ మెయిల్:
ఈ బాబు చెప్పింది రూల్‌గా పెట్టండి. బాల్యం రెండు నిమిషాలు మించకూడదు.

కాలువ లష్కర్:
వినేవాళ్లు వినాలంటే ముందు పిలవాలి కదా నాయనా. పిలిచేది కమిటీ.

132 కేవీ:
మేడంకి ఫోన్ చేశాను. తనకెందుకు, గ్యాంగులో పనిచేసినవాళ్లని పిలవండి అన్నారు. బలవంతపెట్టి ఒప్పించాను. ఇప్పుడే ఫారం తెరిచాను. ఐదో కాలమ్‌లో ‘సంస్థ వార్షిక టర్నోవర్’ అని ఉంది. ట్రాన్స్‌మిషన్ సంస్థది మొత్తం రాయాలా, ఆవిడ డివిజన్‌దా?

మెకానికల్ 94:
ఖాళీగా వదిలేయండి మేడం, పర్వాలేదు. గడువు ఈ నెలాఖరు.

కాలువ లష్కర్:
ఖాళీగా వదలొద్దమ్మా. మా సార్ ఫారం వెనక్కొచ్చింది అలాంటి ఖాళీ కాలమ్‌ల వల్లే.