భూసేకరణ సొమ్ము: ఏది మూలధనం, ఏది ఆదాయం?

ప్రశ్న: రోడ్డు విస్తరణలో, 2013 భూసేకరణ చట్టం కింద, మా నాన్నగారి రెండెకరాల మాగాణి పోయింది. కోర్టు పెంచిన పరిహారం, వడ్డీ కలిసి ఒకే మొత్తంగా ఖాతాలో పడ్డాయి. అంతటికీ పన్ను కట్టాలా?

జవాబు: ఒకేసారి పడినంత మాత్రాన సొమ్ము స్వభావం ఒకటైపోదండీ. భూమికి బదులుగా వచ్చింది మూలధన రాబడి; ఆ చట్టం 96వ సెక్షన్ ప్రకారం దానికి పన్ను లేదని సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) 2016లో 36వ సర్క్యులర్‌లో స్పష్టం చేసింది.

మరో జవాబు: వడ్డీ దగ్గరే అసలు చిక్కు. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం దాన్ని అందిన ఏడాది ఇతర ఆదాయంగా లెక్కించి, 57వ సెక్షన్ కింద సగం మినహాయించేది. కోర్టు లెక్కల కాగితం జాగ్రత్తగా దాచండి.

ప్రశ్న అడిగినవారు: ఆ కాగితంలో వడ్డీ వేరే గడిలోనే ఉందండీ, ఇప్పుడే చూశాను.