ఆంప్ ఎర్త్ డిక్కీలో బాడీకి ఇవ్వాలా, బ్యాటరీ నెగెటివ్ దాకా లాగాలా?

ఎంవీపీ స్విఫ్ట్

అందరికీ నమస్కారం. నాది పాత స్విఫ్ట్. డిక్కీలో 600 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) మోనో ఆంప్ (యాంప్లిఫయర్), 12 అంగుళాల సబ్ ఊఫర్ (బేస్ స్పీకర్) ఉన్నాయి. డోర్ స్పీకర్లకి వేరే చిన్న ఫోర్ ఛానెల్ ఆంప్. బిగించిన కొత్తలో అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఇంజిన్ ఆన్ చేస్తే డోర్ స్పీకర్లలో సన్నగా కూత వస్తోంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కూత కూడా పైకి లేస్తోంది. బేస్ గట్టిగా పడితే సబ్ ఆంప్ ప్రొటెక్షన్‌లోకి (తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయే స్థితి) వెళ్లిపోయి ఎర్ర లైటు వెలుగుతోంది.

ఒక షాపులో చూపిస్తే ఎర్త్ వైరు (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే నెగెటివ్ వైరు) బ్యాటరీ నెగెటివ్ దాకా లాగాల్సిందే అన్నారు. ఇంకో చోట అదంతా దండగ, బాడీ ఎర్త్ చాలన్నారు. ప్రస్తుతం రెండు ఆంపుల ఎర్త్ వెనక సీటు వెనకాల రేకుకి ఒకే స్క్రూతో బిగించి ఉంది. ఏది చేయించాలి? ఎందుకో కూడా చెబితే మేలు.

బీచ్ రోడ్ బేస్

ఇంకేం ఆలోచించకు తమ్ముడూ, బ్యాటరీ దాకా లాగించెయ్. వైజాగ్ గాలి చూసి చెబుతున్న మాట ఇది. ఇక్కడ బాల్కనీ గ్రిల్లుకి రంగు వేయించిన రెండో వర్షాకాలానికే తుప్పు బొబ్బలు లేస్తాయి. అలాంటి ఊళ్లో ఇనప రేకుని నమ్ముకుని అంత కరెంటు పంపడమేంటి? కారు బాడీ ఒకే ముక్క కాదు. ఎన్నో రేకులు, వాటి మధ్య అతుకులు, సీలెంటు, పైన పెయింటు. లోపల ఏ అతుకు ఎలా ఉందో పైకి కనబడదు. రాగి వైరైతే ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ల ముందే ఉంటుంది. పాజిటివ్‌కి వేసిన సైజే నెగెటివ్‌కీ వెయ్యి, గొడవ వదిలిపోతుంది.

గాజువాక ఎలక్ట్రికల్

బేస్ గారూ, తుప్పు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ రాగి వైరే మేలన్నది లెక్క వేస్తే నిలబడదు.

4 గేజ్ వైరుని అడ్డంగా కోస్తే కనబడే రాగి వైశాల్యం 21 చదరపు మిల్లీమీటర్లు. దాని నిరోధం మీటరుకి సుమారు 0.8 మిల్లీ ఓమ్. డిక్కీ నుంచి బ్యాటరీ దాకా తిప్పి తిప్పి లాగితే అయిదు మీటర్లు, అంటే 4 మిల్లీ ఓమ్‌లు. 600 వాట్ల క్లాస్ డి ఆంప్ ఫుల్లుగా కొట్టినప్పుడు 55 నుంచి 60 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఒక్క నెగెటివ్ వైరులోనే పావు వోల్టు దాకా పోతుంది. ఇప్పుడు బాడీ సంగతి చూడండి. ఫ్లోర్ రేకు మందం 0.8 మి.మీ., వెడల్పు ఒక మీటరు అనుకుందాం. 800 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు. ఉక్కు కరెంటుని రాగి కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ అడ్డుకుంటుంది. మీకోసం పదే వేసుకుందాం. అయినా 80 చదరపు మిల్లీమీటర్ల రాగితో సమానం, మీ వైరుకి దాదాపు నాలుగింతలు. ఇందులో రూఫ్, పిల్లర్లు, డోర్ల కింద బాక్సు సెక్షన్లు కలపనే లేదు. స్పాట్ వెల్డింగ్ అంటే రెండు రేకులు కరిగి ఒకటైన చోటు. అక్కడ మధ్యలో పెయింటు ఉండదు.

కాబట్టి నష్టం రేకులో జరగదు. లగ్గు (వైరు కొసకి బిగించే లోహపు రింగు) రేకుని తాకే చోట జరుగుతుంది. తమ్ముడు "ఒకే స్క్రూ" అన్నాడు చూశారా, నా అనుమానమంతా దాని మీదే. అంత పల్చటి రేకులో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూకి పట్టు దొరికేది ఒక చుట్టు మర, అంతే. సబ్ ఊఫర్ అదురుకి అది మెల్లగా వదులవుతుంది. లగ్గు కింద పెయింటు గీకకపోతే మొత్తం కరెంటు ఆ ఒక్క మర అంచు గుండా పోవాలి. కొత్తలో బాగుండి తర్వాత పాడైందంటే కారణం అక్కడే వెతకాలి.

తమ్ముడూ, ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాటతో సహా. మల్టీమీటర్ తీసుకో. ఓమ్స్‌లో పెట్టి చూడకు, దాని ప్రోబుల నిరోధమే మనం వెతికేదాని కంటే ఎక్కువ ఉంటుంది. డీసీ వోల్ట్స్‌లో పెట్టు. ఇంజిన్ నడుస్తుండగా, 50 హెర్ట్జ్ టోన్ గట్టిగా ప్లే చేస్తూ, ఒక ప్రోబు పొడవాటి వైరుతో బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఇంకోటి ఆంప్ ఎర్త్ టెర్మినల్ మీద పెట్టి చూడు. మొత్తం 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టే. ఎక్కువొస్తే బ్యాటరీ దగ్గర ప్రోబు కదపకుండా రెండోదాన్ని జరుపుకుంటూ రా. ముందు లగ్గు మీద, తర్వాత స్క్రూ పక్కన గీకిన రేకు మీద, ఆ తర్వాత ముందు వైపు బ్యాటరీ ఎర్త్ పట్టా బాడీని తాకే బోల్టు మీద. ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా పడిపోతే దోషం అక్కడే. టోన్ పది సెకన్లకి మించి ఉంచకు, సబ్ ఊఫర్ కాయిల్ వేడెక్కిపోతుంది.

బీచ్ రోడ్ బేస్

లెక్క బాగుంది గానీ ఒక లింకు వదిలేశారు. బాడీలోకి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే కంపెనీ ఇచ్చిన ఆ ఎర్త్ పట్టా గుండానే వెళ్లాలి. అది 60 ఆంపియర్ల సబ్ కోసం వేసింది కాదు. పైగా ఇంజిన్ బేలో ఉండేది కాబట్టి ఉప్పు గాలి, వాన నీళ్లు మొదట తగిలేది దానికే. భీమిలి రోడ్డు మీద రోజూ తిరిగే బండి బ్యాటరీ ట్రే దగ్గర ఆ బోల్టు ఎలా ఉంటుందో ఒకసారి విప్పి చూడండి.

గాజువాక ఎలక్ట్రికల్

ఒప్పుకుంటాను. అందుకే పెద్ద ఆంప్ పెట్టేవాళ్లు బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి మూడు లావు వైర్లు అదనంగా వేయించుకుంటారు. పాతవి తియ్యరు, వాటికి తోడుగా వేస్తారు. బ్యాటరీ నుంచి బాడీకి అర మీటరు వైరు చాలు. అయిదు మీటర్లు వెనక్కి లాగే పని లేదు.

సీతమ్మధార ట్యూనర్

లెక్కలు పక్కన పెట్టి, బ్యాటరీ దాకా లాగితే వచ్చే ప్రమాదం ఒకటి చెప్పాలి. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

బేస్ అన్న చెప్పినట్టే ముందు ఎర్త్ పట్టా తుప్పు పట్టి వదులైందనుకోండి. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటుకి అసలు దారి మూసుకుపోయింది. అప్పుడు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి స్టీరియో ఎర్త్‌కి, అక్కడి నుంచి ఆర్‌సీఏ కేబుల్ (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే వైరు) చుట్టూ ఉండే లోహపు జాలీ గుండా ఆంప్‌కి, ఆంప్ నుంచి మీరు లాగిన లావు నెగెటివ్ వైరు గుండా బ్యాటరీకి. ఆ జాలీ తలవెంట్రుకల్లాంటి తీగల అల్లిక. క్షణంలో కాలిపోతుంది, దాంతోపాటు స్టీరియో. బాడీ ఎర్త్ ఇస్తే సెల్ఫ్ కరెంటుకి ఈ దొడ్డిదారే ఉండదు. పట్టా వదులైతే బండి స్టార్ట్ కాదు, అంతే.

ఇంకోటి. ఐడిల్ స్టార్ట్ స్టాప్ (బండి ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగే ఏర్పాటు) ఉన్న ఇప్పటి బండ్లలో చాలావాటికి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అన్నది అదే లెక్కపెడుతుంది. నెగెటివ్ వైరుని నేరుగా పోస్టుకి బిగిస్తే ఆంప్ వాడే కరెంటు ఆ లెక్కలోకి రాదు. ఛార్జింగ్ తప్పుగా జరుగుతుంది. అలాంటి బండ్లలో బాడీ ఎర్తే ఇవ్వాలి, ఇందులో వాదనే లేదు.

కూత సంగతి వేరుగా చూడు స్విఫ్ట్. ఇంజిన్ స్పీడుతో పాటు మారుతోందంటే ఆల్టర్నేటర్ నుంచి వస్తున్నదే. కానీ అది లోపలికి ఎటు నుంచి దూరుతోందో తేల్చుకోవాలి. స్టీరియో ఆపి, ఫోర్ ఛానెల్ ఆంప్‌కి ఉన్న ఆర్‌సీఏ పిన్నులు తీసేసి, ఫోన్‌ని కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి కలిపి, మళ్లీ స్టీరియో ఆన్ చెయ్యి, మామూలుగా అది ఆన్‌లో ఉంటేనే ఆంప్ పనిచేస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండకూడదు. ఫోన్ సొంత బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికి కారు ఎర్త్‌తో సంబంధం ఉండదు. కూత ఆగిపోతే, స్టీరియో ఎర్త్‌కీ ఆంప్ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి తేడా ఉండి ఆర్‌సీఏ జాలీలో కరెంటు పారుతోందని అర్థం. అప్పుడు ఎర్త్ బాగు చెయ్యి. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని బజారులో చవగ్గా దొరికేది మాత్రం కొనకు. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కింది బేస్‌ని మింగేస్తాయి, జబ్బు లోపలే ఉండిపోతుంది.

ఎంవీపీ స్విఫ్ట్

గాజువాక అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. టోన్ వేస్తే మొత్తం 0.7 వోల్టులు చూపించింది. లగ్గు మీద పెట్టినా దాదాపు అంతే. స్క్రూ పక్కన రేకు గీకి పెడితే 0.15. అంటే అర వోల్టు పైగా ఆ స్క్రూ దగ్గరే పోతోంది. విప్పి చూస్తే లగ్గు కింద పెయింటు అలాగే ఉంది, స్క్రూ చుట్టూ నారింజ రంగు పొడి. ఫోన్ టెస్టులో కూత రాలేదు.

ఇంకో విషయం కూడా బయటపడింది. ఎర్త్ వైరు కొస బ్లేడుతో గీస్తే లోపల వెండిలా తెల్లగా ఉంది. పైన మాత్రమే రాగి రంగు. సీటు బెల్టు బోల్టు దగ్గర్లోనే గట్టిగా ఉంది, ఎర్త్ దానికి మార్చేయమని ఇంకొకరు అంటున్నారు. అలా చేయొచ్చా?

సీతమ్మధార ట్యూనర్

వద్దు. సీటు బెల్టు బోల్టు జోలికి వెళ్లొద్దు. కంపెనీ దాన్ని ఒక నిర్ణీత టార్క్‌తో బిగిస్తుంది. మధ్యలో లగ్గు పెడితే, కింద పెయింటు గీకితే, ఆ పట్టు మారుతుంది, తుప్పు మొదలవుతుంది. యాక్సిడెంట్ అయిన రోజు వెనక సీట్లో మనవాళ్లని పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టే. ఎయిర్‌బ్యాగ్ వైర్ల ఎర్త్ పాయింట్ కూడా ముట్టుకోవద్దు.

గాజువాక ఎలక్ట్రికల్

తెల్లగా ఉన్నది అల్యూమినియం తమ్ముడూ, పైన రాగి పూత వేసిన వైరు. అదే సైజు రాగి వైరు కంటే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఉప్పు గాలికి కొసలు తెల్లటి పొడిగా మారతాయి. ఎర్త్ ముక్క అర మీటరు కూడా ఉండదు కదా, అక్కడైనా అసలు రాగి వెయ్యి. లగ్గు కళాయి పూసినది తీసుకో. పచ్చి రాగి ఇనుముని తాకిన చోట ఉప్పు తేమ తగిలితే ఇనుము త్వరగా తినేసుకుపోతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పు. కొత్త కన్నం వేసేముందు బండి కింద దూరి చూడాలి. వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు, దాని పక్కనే బ్రేకు పైపులు ఉంటాయి. స్టెప్నీ గుంటలో వేయించకు, అక్కడ నీళ్లు నిలుస్తాయి. చోటు కుదిరాక లగ్గు వెడల్పు మేరకి ఎమరీ పేపర్‌తో రేకు అద్దంలా మెరిసేదాకా గీకి, కన్నం గుండా 8 ఎంఎం బోల్టు, స్టార్ వాషర్, కింద నట్టు పెట్టి బిగించు. రెండో ఆంప్ లగ్గు కూడా అదే బోల్టుకి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. తుప్పు భయంతో బిగించకముందే పెయింటో గ్రీజో దట్టంగా పూస్తారు. ముందు లోహం లోహాన్ని తాకేలా గట్టిగా బిగించాలి. ఆ తర్వాత పైనా కిందా కన్నం అంచులతో సహా జింక్ ప్రైమర్, దాని మీద పెయింటు వేయాలి. బండి కింద వైపు మర్చిపోతే అక్కడి నుంచే తుప్పు ఎక్కుతుంది.

బీచ్ రోడ్ బేస్

స్విఫ్ట్ రీడింగ్ చూశాక ఈ బండి వరకు బాడీ ఎర్తే సరైనదని ఒప్పుకుంటున్నాను. స్టార్ట్ స్టాప్ బండ్ల సంగతి కూడా. కానీ సముద్రానికి ఎదురుగా ఆరుబయట నిలిపే బండికి, ఫ్లోర్ రేకు ఇప్పటికే తుప్పు పట్టిన పాత బండికి, నా సలహా ఇంకా పూర్తి రాగి వైరే. ట్యూనర్ చెప్పిన ప్రమాదం ఉంది కాబట్టి ముందు బ్యాటరీ నుంచి బాడీకి కొత్త లావు పట్టా వేయించి, ఆ తర్వాతే లాగమంటాను.

పెందుర్తి స్కార్పియో

నాదొక ప్రశ్న. స్కార్పియోకి కింద వేరే ఛాసిస్ ఉంది కదా. లావు ఇనుము. ఎర్త్ బాడీ రేకుకి కాకుండా నేరుగా దానికే ఇస్తే ఇంకా మంచిది కాదా?

గాజువాక ఎలక్ట్రికల్

అలా అనుకోవద్దండి. ఆ బండ్లలో బాడీ ఛాసిస్ మీద రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. రెంటినీ కలిపేది చిన్న చిన్న ఎర్త్ పట్టాలే. ఛాసిస్ ఎంత లావున్నా, బ్యాటరీకి దానికి మధ్య దారి సన్నగా ఉంటే లాభం లేదు. స్టీరియో ఎర్త్ బాడీలో, ఆంప్ ఎర్త్ ఛాసిస్‌లో అయితే స్విఫ్ట్‌కి వచ్చిన కూతే మీకూ వస్తుంది. ముందు ఆంప్‌ని తాత్కాలికంగా బాడీకి బిగించి 0.2 వోల్టుల లోపు వస్తుందేమో చూడండి. వస్తే ఛాసిస్ జోలికి వెళ్లే పనే లేదు.

ఎంవీపీ స్విఫ్ట్

కంచరపాలెం వెళ్లి అసలు రాగి వైరు, కళాయి లగ్గులు తెచ్చాను. ఆదివారం బోల్టు వేసి మళ్లీ అదే టోన్‌తో రీడింగ్ తీసి ఇక్కడ పెడతాను. బేస్ అన్నా, బ్యాటరీ దగ్గర ఎర్త్ బోల్టు కూడా విప్పాను, మీరన్నట్టే దాని వాషర్ సగం తినేసి ఉంది. దాన్నీ మార్చేస్తున్నాను.