12 వోల్టుల ఇన్వర్టర్‌కి రెండో బ్యాటరీ: సిరీస్‌లోనా, ప్యారలల్‌లోనా?

గోదారి_గట్టు: మా ఇంట్లో 12 వోల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ (యాంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. బ్యాటరీ కొని మూడేళ్లయింది, బ్యాకప్ బాగా తగ్గింది. చంటిపాప ఉంది, రాత్రి కరెంటు పోతే రెండు ఫ్యాన్లు తెల్లారేదాకా తిరగాలి. అలాంటిదే ఇంకోటి కొని కలుపుదామనుకుంటున్నా. షాపులో ఒకాయన సిరీస్‌లో పెడితే పవర్ డబుల్ అన్నాడు, ఇంకొకాయన ప్యారలల్ అన్నాడు. ఏది కరెక్ట్?

వైరింగ్_పని: సిరీస్ వద్దు బ్రదర్! ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపితే వోల్టులు కూడి 24 అవుతాయి, మీ ఇన్వర్టర్ బోర్డు కాలిపోవచ్చు. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే 12 వోల్టులే ఉండి ఏహెచ్ 300 అవుతుంది. ఎలా కలిపినా దాచుకునేది 3600 వాట్ అవర్సే (24 × 150 అయినా, 12 × 300 అయినా). తేడా వైర్లలో వస్తుంది: 600 వాట్ల లోడుకి 12 వోల్టుల దగ్గర 50 యాంప్స్ లాగుతుంది, 24 దగ్గర 25 చాలు, అందుకే పెద్ద ఇన్వర్టర్లు 24, 48 వోల్టుల్లో వస్తాయి.

పాత_టెక్నీషియన్: ప్యారలల్ కరెక్టే గానీ, మూడేళ్ల దానికి కొత్తది మాత్రం జత చేయకండి. లోడంతా దాదాపు కొత్తదే మోస్తుంది, పైగా పాతదాంట్లో ఒక్క సెల్ (బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో ఒకటి) షార్టయినా కొత్తదాంట్లోని కరెంటు అటు దూసుకెళ్లి బ్యాటరీలు వేడెక్కిపోతాయి, పసిపాప ఉన్న ఇంట్లో ఆ రిస్క్ ఎందుకండీ. ముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, ఫుల్ ఛార్జ్ చేసి, హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) ఆరు సెల్సూ చూపించండి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, దాన్ని ఇచ్చేసి కొత్తది ఒక్కటే పెట్టండి. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్నది) 30 దగ్గర ఆగుతుంది. నన్నడిగితే రెండో బ్యాటరీ డబ్బులు ఫ్యాన్లకే పెట్టమంటాను.

గోదారి_గట్టు: ఫ్యాన్ల సంగతి నాకు తట్టనే లేదండీ, థాంక్స్. ఒకవేళ రెండూ కొత్తవే కొంటే?

వైరింగ్_పని: ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏహెచ్ తీసుకోండి. కలిపే ముందు రెండింటినీ విడివిడిగా ఫుల్ ఛార్జ్ చేయాలి. ఇన్వర్టర్‌కి ప్లస్ వైరు మొదటిదాని నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీస్తే రెండూ సమానంగా పనిచేస్తాయి, రెండు వైర్లూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే అదే ముందు అరిగిపోతుంది. ఇన్వర్టర్ ఎన్ని యాంప్స్‌తో ఛార్జ్ చేస్తుందో కూడా చూసుకోండి, 15 అయితే 300 ఏహెచ్ ఖాళీ అయ్యాక నిండడానికి 20 గంటలు దాటుతుంది, రోజూ చాలాసేపు కరెంటు పోయే చోట అది పూర్తిగా నిండకపోవచ్చు.